తోకచుక్క పోయాకే చీర

మా కాకినాడలో ఆకాశానికి లోటేమీ లేదు. చూడడానికే పనికిరాదు. సముద్రం మీది చెమ్మ, రేవు దీపాలు, ఫ్యాక్టరీల పొగ కలిసి సాయంత్రమయ్యేసరికి బూడిదరంగు దుప్పటి కప్పేస్తాయి. పోస్టాఫీసు కౌంటర్లో సర్వీసంతా గడిపి, రిటైరయ్యాక ఒక బైనాక్యులర్ కొనుక్కుని గ్రహాల వెంట పడిన నాలాంటి దానికి ఆ ఊరు శిక్షే. పైగా మా సముద్రం తూర్పున ఉంది. దసరా వెళ్ళాక వచ్చిన తోకచుక్కేమో పడమట, పొద్దు కుంకిన చోట కనబడుతుందని పేపర్లు రాశాయి. మళ్ళీ వేల ఏళ్ళకు గాని రాదట. మా ఇంటి పడమటి వైపు ఒక ఫంక్షన్ హాలు ఉంది. దాని దీపాలు శుక్రుణ్ణే కనబడనివ్వవు.

"రాయలసీమకు పో, ఆడ వానా ఉండదు, మబ్బూ ఉండదు" అని కడప నుంచి బదిలీ మీద వచ్చి మాతో పనిచేసిన ఒకాయన ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. పౌర్ణమి వెళ్ళనిచ్చి బయల్దేరాను. వెన్నెల్లో తోకచుక్క కనబడదు కాబట్టి అంతవరకూ ఓపిక పట్టాను. ఓపిక నాకు అలవాటు లేని పని.

హిందూపురంలో దిగేసరికి వాన.

హిందూపురం: మిద్దె అడిగితే

"మంచి వాన తెచ్చినావమ్మా" అన్నాడు ఆటో అతను. నేను తేలేదని చెప్పినా వినలేదు. ఊరంతా ఆ వానకు సంతోషంగా ఉన్నట్టే కనిపించింది, చెనిక్కాయ చెట్లు పీకి పొలంలో ఆరబెట్టినవాళ్ళు తప్ప. మేం వేరుశనగ అనేదాన్ని వీళ్ళు చెనిక్కాయ అంటారు. డబ్బుల్ని దుడ్లు అంటారు. కర్ణాటక పక్కనే కావడం వల్ల ఒకే మనిషి తెలుగులో బేరం మొదలుపెట్టి కన్నడంలో కోప్పడి మళ్ళీ తెలుగులో చిల్లర అడుగుతాడు. నాకు అర్థమైన భాగమంతా మర్యాదగానే ఉంది.

లాడ్జి పక్క సందులో ఒక మెస్సు ఉంది. నాలుగు బల్లలు, వెనక వంటిల్లు, పైన మిద్దె. నడిపేది నాగరత్న. నలభై దాటిన మనిషి, చురుకు. పొద్దున పూట అక్కడ ఉగ్గాని, మిరపకాయ బజ్జి దొరుకుతాయి. ఉగ్గాని అంటే నీళ్ళలో తడిపి పిండిన బొరుగులకు, అంటే మరమరాలకు, తాలింపు పెట్టడం. మావైపు బొరుగులు పిల్లల చేతిలో పోసే సరుకు, దాన్ని టిఫిన్ అంటే నవ్వుతారు. నేనూ నవ్వుకుంటూనే తిన్నాను, రెండో ప్లేటు కూడా తెప్పించుకున్నాను. బజ్జీలతో కలిపి ప్లేటు ముప్పై రూపాయలు. కారం మాత్రం చెవుల్లోంచి బయటికొచ్చింది.

వాన తెరిపిచ్చిన సాయంత్రం నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, భోజనాల వేళ నలుగురి మధ్యలో గట్టిగా అడగడం. "ఏమండీ నాగరత్నగారూ, కాసేపు మీ మిద్దె ఎక్కనిస్తారా, తోకచుక్క చూడాలి."

నాగరత్న చేతిలో సాంబారు గరిటె ఆగిపోయింది. కళ్ళతో ఏదో సైగ చేసింది. నాకు సైగలు అర్థం కావు. "మెడలో ఇది అందుకే" అని బైనాక్యులర్ కూడా చూపించాను.

వంటింటి గడప దగ్గర చాటలో చెనిక్కాయలు ఒలుస్తున్న ముసలావిడ తలెత్తింది. నాగరత్న అత్తగారు హనుమక్క. ఆ సందులో అందరికీ ఆవిడ అవ్వే.

"అది ఇంగా పోలేదా?" అంది అవ్వ.

"ఇంకో పదిరోజులు ఉంటుందండీ. మబ్బు చాటున ఉంది, అంతే."

"విన్నావా రత్నా? మబ్బు చాటున ఉండాదంట. నువ్వు, ఆ ఈరప్ప, పోయింది పోయింది అని నాకు చెప్తాండారు."

నాగరత్న గరిటె బకెట్లో వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. తింటున్నవాళ్ళు ఆకుల్లోకి వంగిపోయారు. నేను ఏం పాడుచేశానో నాకు తెలియలేదు.

నాగరత్న చెప్పిన సంగతి

తెలిసింది మర్నాడు పొద్దున. నాగరత్న కాఫీ గ్లాసు నా ముందు పెట్టి ఎదురు బల్ల మీద కూర్చుంది.

"మేడం, అది ఇంగా ఉండాదని మా అత్తకు తెలియకుండా దాచినాము. మీరొచ్చి మైకు పెట్టినట్టు చెప్తిరి."

కోపంగా అనలేదు. అలసటగా అంది. తర్వాత అంతా చెప్పింది.

నాగరత్న భర్త పోయి ఇరవై ఏళ్ళు దాటింది. పెళ్ళయిన మూడో ఏడు లారీ బోల్తా పడింది. పిల్లలు లేరు. అప్పటినుంచి అత్తా కోడళ్ళు ఒకరికొకరు ఆసరాగా ఈ మెస్సు నడుపుకుంటున్నారు. పెనుకొండ దగ్గర పల్లెలో ఈరప్ప అని ఒకాయన ఉన్నాడు, గొర్రెలు మేపుతాడు. భార్య పోయింది. హిందూపురం సంతకు వచ్చినప్పుడల్లా ఇక్కడే తింటాడు. తిని తిని ఒకరోజు అడిగాడు. నాగరత్న సరేనంది. అవ్వ కూడా సరేనంది. నాకు ఆశ్చర్యమేసింది. మావైపు ఈ వయసులో మారుమనువు అంటే చెవులు కొరుక్కోవడమే. వీళ్ళ ఇళ్ళలో దానికో పద్ధతే ఉంది. పెద్ద తతంగం ఉండదు. పెద్దల ముందు మొగుడు చీర తెచ్చి ఇస్తాడు, ఆమె కట్టుకుంటుంది, మనువు అయినట్టే. ఆ చీర కొనేముందు మొదటి అత్తగారింటి పెద్ద ఊ అనాలి. ఈ ఇంట్లో పెద్ద అవ్వ ఒక్కతే.

"ఎండాకాలమంతా శుక్రుడు కనపడలేదు, మూఢమి అని ఆపింది. తర్వాత ఆషాఢం. తర్వాత ఇంగేదో. ఇప్పుడు చూడండి, ఇది కనపడతాందని ఆపింది" అంది నాగరత్న. "కనపడకున్నా ఆపుతుంది, కనపడినా ఆపుతుంది. నేనేం చేసేది?"

నవ్వొచ్చింది గాని ఆమె నవ్వలేదు. ఈరప్ప అక్క వేరే సంబంధం చూసి పెట్టుకుందట. ఈ కార్తీకం దాటితే ఇక్కడికి రాకపోకలు మానుకోమని తమ్ముడికి గట్టిగా చెప్పిందట. అక్క మాట దాటే మనిషి కాదు ఈరప్ప.

"తోకచుక్క అంటే ఆవిడకెందుకంత భయం?" అన్నాను.

"మా పెండ్లి అప్పుడు ఒకటి వచ్చిందంట కదా. దాంతోనే ఆయన పోయినాడు అంటుంది."

అది నాకు తెలుసు. ఆ ఏడు ఉగాదికి అటూ ఇటూ నెలరోజుల పైన పడమట నిలబడిన తోకచుక్క. మా ఊరి దీపాలు కూడా దాన్ని దాచలేకపోయాయి. పోస్టాఫీసు మూసి ఇంటికి నడుస్తూ రోజూ చూసేదాన్ని. ఎంత బాగుండేదని. ఆ సాయంత్రాలే నన్ను ఈ పిచ్చిలో పడేశాయి. అదే చుక్క ఇక్కడ ఇంకో ఆడమనిషికి ఏమైందో ఇన్నేళ్ళకు విన్నాను.

అవ్వకు నచ్చజెప్పబోయాను. అది మంచుగడ్డ, దుమ్ము, సూర్యుడి వేడికి కరిగి తోకలా కనబడుతుంది, మన ఇళ్ళతో దానికి పనిలేదు అని చాలాసేపు చెప్పాను. అవ్వ చెనిక్కాయలు ఒలుస్తూ విన్నది.

"మల్ల ఎప్పుడొస్తుంది?"

"వేల ఏళ్ళకు."

"అంటే రాదు. అట్ల చెప్పు" అంది. చాట పక్కన పెట్టి, "నువ్వు ఇంగ యాడికి పోతాండావు?" అని అడిగింది.

"పెనుకొండ. అక్కడ ఊరి బయట చీకటి బాగుంటుందని విన్నాను."

"నేనూ వస్తా. నీ బూతద్దంతో నా కండ్లతో నేనే చూస్తా. వీళ్ళ మాట నమ్మను. పుట్టపర్తిలో కండ్లు ఆపరేషను చేయించుకున్నా, శానా బాగా కనపడతాది నాకు."

ఒంటరిగా తిరగడం నాకిష్టం. ముసలివాళ్ళను వెంటబెట్టుకు తిరగడం అస్సలు ఇష్టం లేదు. కానీ కాఫీకి నాగరత్న డబ్బులు తీసుకోలేదు. ఆ మొహమాటానికి ఒప్పుకున్నాను.

పెనుకొండ: కొండ అడ్డం

బస్సులో అవ్వ నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. దిగేముందు, నేనే నిద్రపోయినట్టు "లేమ్మా, వచ్చేసింది" అని నన్ను కదిపింది.

పెనుకొండలో నన్ను మొదట ఆపినవి బోర్డులు. కోట గోడలు, పాత గుళ్ళు చూడబోతామనుకుంటే హైవే పక్కన కొరియా అక్షరాల్లో హోటళ్ళ బోర్డులు. దగ్గర్లో కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, దానికోసం వచ్చినవాళ్ళకు భోజనాలు పెట్టే ఇళ్ళట. కొరియా భోజనం ఎలా ఉంటుందని టీకొట్టు అతన్ని అడిగాను. "మనకు చాలదమ్మా, కారం ఉంటుంది గాని మన కారం కాదు" అన్నాడు. ప్రపంచంలో దేన్నైనా ఇక్కడివాళ్ళు కారంతోనే కొలుస్తారని అప్పటికి నాకు అర్థమైంది.

మేం దిగిన వీధికి పడమటి పక్క కొండ. నిటారుగా, రాళ్ళు పేర్చినట్టు, మొత్తం పడమటి ఆకాశాన్ని మింగేసింది. ఇంత దూరం వచ్చి కొండ వెనక తోకచుక్కను పెట్టుకుని కూర్చోవడం ఏమిటని చిరాకు పడుతుంటే, నాగరత్న ఫోన్ చేసి చెప్పిందట, ఈరప్ప మోటారు సైకిలు మీద వచ్చాడు. నల్లటి, పొడుగాటి మనిషి. మాట తక్కువ. "మా పల్లెకు పోదాం రండమ్మా. ఆడ కొండ అడ్డం ఉండదు" అని షేర్ ఆటో మాట్లాడాడు.

అతని మంద ఆ వారం ఒక రైతు చేలో ఉంది. గొర్రెల్ని రాత్రిళ్ళు పొలంలో పడుకోబెడితే భూమికి ఎరువవుతుంది. అందుకు రైతు గింజలిస్తాడు. గొర్రెలు చేసే ఉద్యోగం ఇదొక్కటే అనుకుంటాను, నిద్రపోతూ జీతం సంపాదించడం. ఈరప్ప రాగిసంగటి, ఊరిబిండి తెచ్చి పెట్టాడు. ఊరిబిండి అంటే చెనిక్కాయల పచ్చడి. సంగటి ముద్దను నమలకుండా మింగాలట. నేను నమిలాను, అది పళ్ళకు అతుక్కుపోయింది, అవ్వ చీర చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సాయంత్రం మబ్బు మెల్లగా చీలింది. పడమట కింద, ఎర్రటి గీత పైన శుక్రుడు బయటపడ్డాడు. దానికి బాగా పైన, చీకటి పడుతుంటే, ఎవరో పలక మీద సుద్దముక్క ఒకసారి రాసి తుడిచేసినట్టు ఒక మరక. బైనాక్యులర్ పెట్టాను. తల, తల పైకి లేచిన సన్నటి తోక. నా ఒళ్ళు జలదరించింది. దానికోసమే వచ్చాను కాబట్టి ఈ మాట దాచను.

అవ్వ చెయ్యి చాచింది. ముందు ఈరప్ప వైపు తిరిగి, "నువ్వు ఆ పక్కకు తిరుగు. మనువాడేటోడివి, చూడద్దు" అంది. ఈరప్ప బుద్ధిగా తూర్పుకు తిరిగి నిలబడ్డాడు. నేను అవ్వకు దారి చెప్పాను. ముందు శుక్రుణ్ణి పట్టుకో, అక్కణ్ణించి పైకి రా, మెల్లగా.  అవ్వ మోచేతులు గడ్డివాము మీద ఆనించుకుంది.

"ఉండాది" అంది చాలాసేపటికి.

అంతే.  బైనాక్యులర్ నా చేతిలో పెట్టి వెళ్ళి మంచం మీద కూర్చుంది.

అవ్వ వినకుండా ఈరప్ప నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఎల్లుండి మేము ధర్మవరం పోయి చీర తీసుకోవాల అనుకున్నాము. మీరూ వస్తే, ఆడ చూసి పోయిందని ఒక్క మాట చెప్పండి. అవ్వ మీ మాట నమ్ముతాది."

"పోకుండా పోయిందని చెప్పమంటావా?"

"చెప్తే ఏం పోతాది?"

నాకు కోపం వచ్చింది. సర్వీసంతా కౌంటర్లో కూర్చున్నదాన్ని. రాని మనియార్డరు వచ్చిందని గాని, వచ్చినదాన్ని రాలేదని గాని ఒక్కరికి చెప్పలేదు. వాళ్ళు ఎంత బతిమాలినా సరే. ఆ మాటే అతనికి చెప్పాను. ఈరప్ప తల వంచుకుని గొర్రెల వైపు వెళ్ళిపోయాడు. నా మాట నిజమే గాని అతని వీపు చూస్తుంటే నాకేం బాగా అనిపించలేదు.

దాన్ని కప్పిపుచ్చుకోవడానికి అతన్ని పిలిచి తూర్పున వెలుగుతున్న ఒక గ్రహాన్ని బైనాక్యులర్లో చూపించాను. "బాగుండాదమ్మా, ఏందది?" అన్నాడు. శని అని చెప్పాను. బైనాక్యులర్ కొండచిలువ అయినట్టు చేతిలోంచి నా ఒళ్ళో పడేశాడు. అవ్వ మంచం మీదినుంచి లేచి వచ్చి నన్ను తిట్టిన తిట్లు సగం కన్నడంలో ఉన్నాయి. ఈరప్ప చేత కళ్ళు, కాళ్ళు కడిగించింది. వీళ్ళకు ఆకాశంలో చూడదగినవి తక్కువ, చూడకూడనివి ఎక్కువ అని అప్పుడు అనుకున్నాను. ఇంకోటి కూడా అనుకున్నాను. శుక్రుడు, ఆషాఢం, తోకచుక్క అన్నీ సాకులే. కోడలు చేజారిపోతుందని అవ్వ భయం. ఆ భయానికి ఆకాశం బాగా పనికొస్తోంది. ఇలా అనుకోవడం నాకు తేలిగ్గా ఉంది, తెలివిగా కూడా అనిపించింది.

ధర్మవరం: మగ్గం గుంతలో నీళ్ళు

మధ్యలో ఒకరోజు మళ్ళీ వాన. ఆ రోజు నేను పెనుకొండ లాడ్జిలో పడుకుని ఒక వారపత్రికను అట్ట నుంచి అట్ట దాకా చదివాను. అవ్వ హిందూపురం వెళ్ళి, మర్నాడు నాగరత్నను వెంటబెట్టుకుని ధర్మవరం వచ్చింది. చీర సంగతి తేలాలి కాబట్టి. తోకచుక్క పోయిందా లేదా చూసి, పోతేనే చీర, లేకుంటే ఉత్త చేతులతో తిరిగి పోవాలి, ఇదీ అవ్వ షరతు. ఈరప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ చొక్కా మడతలు చూస్తే నాకే దిగులేసింది.

ధర్మవరంలో వీధి వీధికీ పట్టుచీరల కొట్లు. మేము కొట్టుకు పోలేదు. ఈరప్పకు తెలిసిన చౌడప్ప అనే ఆయన ఇంటికి వెళ్ళాం. ఆయన నేతపనివాడు, అమ్మకమూ ఇంట్లోనే. ముందు గదిలో నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం ఉంది. వానకు ఆ గుంతలో నీళ్ళు ఊరాయి. చౌడప్ప భార్య చెంబుతో నీళ్ళు తోడి వీధిలో పోస్తోంది.

"వాన వస్తే ఊరంతా సంబరం, మాకు మాత్రం సెలవమ్మా" అన్నాడు చౌడప్ప. "తేమకు పట్టు బిగుసుకుంటుంది. గుంతలో కాళ్ళు పెడితే చలి జ్వరం." మంచి మాటకారి. మేము తీసుకోబోయే చీర ఇంకా తేలకముందే టీ తెప్పించాడు, వాళ్ళ బావమరిది ఇల్లు కట్టిన కథ చెప్పాడు, మా కాకినాడ కాజా గురించి అడిగాడు. చీరలు పరిచాడు. నాగరత్న ఒక చిలకపచ్చ చీర వైపు చూసి వెంటనే చూపు తిప్పేసుకుంది. ఈరప్ప అది గమనించాడు. అవ్వ కూడా.

"ముందు మిద్ది మీదికి పోదాం" అంది అవ్వ.

పొద్దు కుంకింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి పడమర పూర్తిగా తెరుచుకుంది. కడిగిన గిన్నెలా ఉంది. ఇంత శుభ్రమైన ఆకాశం మా ఊళ్ళో నేను ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడు మబ్బు కావాలో అప్పుడు లేదు.

"రత్నా, నువ్వు కిందనే ఉండు" అంది అవ్వ. నాగరత్న మెట్ల మీదే ఆగిపోయింది. ఈరప్ప చెప్పకుండానే తూర్పుకు తిరిగాడు. చౌడప్ప చిలకపచ్చ చీర చేతిలో మడత పెట్టుకుని నిలబడ్డాడు. వ్యాపారస్థుడు కదా, ఆ చీరే ఎంచుకుని పైకి తెచ్చాడు.

శుక్రుడు వెలిగాడు. వట్టి కంటికి తోకచుక్క కనబడలేదు. పెనుకొండలో చూసినదానికంటే బాగా మసకబారి ఉండాలి. నేను బైనాక్యులర్ తీయబోతే అవ్వ ముందే చెయ్యి చాచింది. పిట్టగోడ మీద మోచేతులు ఆనించుకుంది. శుక్రుడి దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్ళింది. ఒకచోట ఆగింది. చాలాసేపు ఆగింది. చేతులు నొప్పెట్టి ఆగిందనుకున్నాను.

"ఏమీ లేదు" అంది. "ఖాళీ."

బైనాక్యులర్ నాకిచ్చింది.

నేను పెట్టి చూశాను. ఉంది. పల్చగా, చిన్న దూదిపింజలా, పెనుకొండలో ఉన్నచోటికి ఇంకా పైన. తోక కూడా ఉంది, తెలిసినవాళ్ళకు తెలిసేటంత.

బైనాక్యులర్ దించేసరికి ఈరప్ప నా వైపు తిరిగి ఉన్నాడు. చౌడప్ప చూస్తున్నాడు. మెట్ల మీంచి నాగరత్న తల సగం కనబడుతోంది. అవ్వ మాత్రం నా వైపు చూడలేదు. పిట్టగోడ మీది తడిని చెంగుతో తుడుస్తోంది.

"ఏమమ్మా, పోయిందా?" అన్నాడు ఈరప్ప. 

నాకున్న దారి చిన్నది. "అవ్వవి ఆపరేషను చేయించుకున్న కళ్ళు. నాకంటే బాగా కనబడతాయి" అన్నాను. అందులో అబద్ధం లేదు. నిజం ఎంత ఉందో నేను లెక్క వేసుకోలేదు.

ఈరప్ప నవ్వాడు. ఆ మనిషి నవ్వడం నేను చూడడం అదే మొదలు. నాగరత్న మెట్ల మీదే కూలబడి మొహం మోకాళ్ళలో దాచుకుంది. చౌడప్ప "అయితే పచ్చదేనా?" అన్నాడు. అందరూ కిందికి దిగారు.

నేను కాసేపు మిద్దె మీదే ఉండిపోయాను. దానికోసమే కదా ఇంత దూరం వచ్చింది. మసకగా ఉన్నా చూస్తూ కూర్చున్నాను, మనసు మాత్రం అక్కడ లేదు. ముసలావిడకు సరిగా చూపించకపోవడం నాదే తప్పు, వెతికి దొరకక లేదంది, నేను తెలిసీ నోరు మూసుకున్నాను అనిపించింది. కిందికి వెళ్ళి చెప్తే చీర ఆగుతుంది. చెప్పకపోతే ఆవిణ్ణి మోసం చేసినట్టు. ఏదీ తేలక, దోమలు కుట్టడం ఎక్కువయ్యాక దిగాను. అప్పటికి చీర అట్టపెట్టెలో, పెట్టె సంచిలో, సంచి అవ్వ చంకలో ఉన్నాయి. చౌడప్ప భార్య అందరికీ చక్కెర పంచింది.

స్టేషన్లో

మర్నాడు పొద్దున్నే ఈరప్ప మంద దగ్గరికి వెళ్ళిపోయాడు. మేం ముగ్గురం ధర్మవరం స్టేషన్లో కూర్చున్నాం. వాళ్ళ బండి హిందూపురం వైపు, నాది కాకినాడ వైపు. ధర్మవరం జంక్షన్లో ఇడ్లీ వేడిగా ఉంటుంది, చట్నీ మాత్రం నీళ్ళలో ఉంటుంది. ఇది వెళ్ళబోయేవాళ్ళ కోసం చెప్తున్నాను.

నాగరత్న నీళ్ళ సీసా తెస్తానని వెళ్ళింది. చీర సంచి అవ్వ ఒళ్ళో ఉంది. 

"ఏమ్మా" అంది. "ఆ పొద్దు పెనుకొండ కాడ శుక్రునికి మూరెడు పైన ఉండె. నిన్న ఇంగా పైకి పోయింది. తోక గూడా సన్నమైపాయ. పొయ్యేదే ఇంగ."



"నిన్న ఖాళీ అన్నావు కదవ్వా."

"అన్నా."

పక్క ప్లాట్‌ఫాం మీద ఎవరో బండి గురించి గట్టిగా అడుగుతున్నారు. అవ్వ సంచి మూతి దారం విప్పి మళ్ళీ కట్టింది.

"నా కొడుక్కు నేనే చూపించినా" అంది. "పెండ్లికి రెండు దినాల ముందు. అంత తోక, అంత బాగుండె. వాడు చూడకుండా పోతాంటే గడ్డం పట్టుకొని తల ఎత్తి, చూడు నాయనా, చూడు అని చూపించినా. ఎందుకు చూపించినానా అని ఇప్పటికి యాభైసార్లు అనుకొనింటా. రత్న ఆ పొద్దు చూడలేదంట. వాళ్ళ అమ్మోళ్ళ ఇంట్లో వంటకాడ ఉండె. చూసినోళ్ళకే కదా తగిలేది. చూడనోళ్ళకు ఏం కాలేదు."

"అందుకా నిన్న నాగరత్నను కిందనే ఉండమన్నావు?"

"మల్ల? ఆ ఈరప్పను గూడా చూడనీలే. చూసింది నేను, నువ్వు. నీకేం కాదులే, నువ్వు అవన్నీ చూసేదానివి." నా చెయ్యి మీద చెయ్యి వేసింది. గట్టిగా, చెనిక్కాయలు ఒలిచి ఒలిచి గరుకెక్కిన చెయ్యి. "తగిలితే నాకు తగల్నీ. నాకేముండాది ఇంగ. అది చీర కట్టుకుంటే చాలు."

మంచుగడ్డ, దుమ్ము అని హిందూపురంలో అంతసేపు చెప్పినదాన్ని, ఆ ఒక్క మాట ఇప్పుడు చెప్పలేకపోయాను. ఆ చీర కోసం ఆవిడ చేసిన పని ముందు నాకు తెలిసింది ఎందుకూ పనికిరాలేదు. ఏడుపు వచ్చింది. బైనాక్యులర్ పెట్టె బొత్తాం పెట్టుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

నాగరత్న నీళ్ళ సీసాతో వచ్చింది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఏం మాట్లాడుకుంటాండారు?"

"ఏంలే" అంది అవ్వ. "చీర అంచు శానా బాగుండాది అంటాంది ఈ యమ్మ."

"అవును" అన్నాను. "అంచు చాలా బాగుంది."

ఆ చీర అంచు నేను చూడనే లేదు.